సాహసానికి సాక్షి ఎవరు? పరమవీర చక్రపై ఒక సమీక్ష

యుద్ధరంగంలో చూపిన సాహసానికి భారతదేశం ఇచ్చే అత్యున్నత పతకం పరమవీర చక్ర. గణతంత్రం మొదలైన రోజునే, అంటే 1950 జనవరి 26న, దీన్ని నెలకొల్పారు. అయితే 1947 ఆగస్టు 15 నుంచే అమల్లో ఉన్నట్టు లెక్క. ఇలా వెనకటి తేదీ వేయడానికి కారణం కశ్మీర్. స్వాతంత్ర్యం వచ్చిన రెండు నెలలకే మొదలైన ఆ యుద్ధం పతకం పుట్టేనాటికే ముగిసిపోయింది. అందులో పోరాడినవారిని గౌరవించడానికి దేశం చేతిలో అప్పటికి సొంత పతకం లేదు. ఆనాటి నుంచి ఇప్పటివరకు 21 మంది దీన్ని పొందారు. వారిలో 14 మందికి మరణానంతరమే దక్కింది. ఇరవై మంది సైన్యానికి చెందినవారు. వాయుసేన నుంచి ఒక్కరే ఉన్నారు. నౌకాదళం నుంచి ఎవరూ లేరు.

పతకం ధైర్యానికి ఇస్తారన్నది అందరూ అనుకునే మాట. ఆచరణలో అది ఎవరో ఒకరు కళ్లారా చూసిన ధైర్యానికి, చూసినవారు బతికి వచ్చి చెప్పిన ధైర్యానికి, ఆ చెప్పిన మాట కాగితం మీదికి ఎక్కిన ధైర్యానికి దక్కుతుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా సాహసం సాహసంగానే ఉంటుంది గానీ జాబితాలోకి రాదు. పరమవీర చక్ర చరిత్రలో తలెత్తిన చిక్కుముడులు చాలావరకు ఇక్కడివే.

చిక్కు పాతదే. ఈస్టిండియా కంపెనీ 1837లో భారతీయ సిపాయిల కోసం ఆర్డర్ ఆఫ్ మెరిట్ అనే పతకం మొదలుపెట్టింది. అందులో మూడు తరగతులుండేవి, జీతం కూడా పెరిగేది. క్రిమియా యుద్ధం నేపథ్యంలో 1856లో వచ్చిన విక్టోరియా క్రాస్ బ్రిటిష్ సైనికులది. 1911 దాకా భారతీయ సైనికులకు అది అందలేదు. తలుపు తెరిచాక దాన్ని మొదట గెలిచింది ఖుదాదాద్ ఖాన్. 1914 అక్టోబరు 31న బెల్జియంలోని హోలెబెక్ దగ్గర మెషిన్‌గన్ జట్టులో మిగతావారంతా చనిపోగా, ఆయన్ను కూడా చనిపోయాడనుకుని శత్రువులు వదిలేశారు. గాయాలతోనే పాకుతూ తన దళం దగ్గరకు చేరుకున్నాడు. చేరుకోకపోయి ఉంటే ఆ తుపాకి దగ్గర ఏం జరిగిందో చెప్పేవాడే లేడు.

విక్టోరియా క్రాస్ తొలి నియమాల్లో ఇప్పుడు వింతగా తోచేవి రెండున్నాయి. చనిపోయినవారికి పతకం ఇవ్వకూడదన్నది మొదటిది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రాజు ఒప్పుకునేవరకు మరణానంతర పురస్కారమే లేదు. ప్రాణం పోయేంత సాహసం చేసినవాడికి పతకం పోయి, ప్రాణం దక్కినవాడికి పతకం దక్కడమే ఆ కాలపు న్యాయం. రెండోది ఓటింగు. దళమంతా సమానంగా తెగించి పోరాడినప్పుడు, పతకం ఎవరికివ్వాలో ఆ దళంలోని సైనికులే ఓటు వేసి ఎన్నుకోవచ్చు. పక్కన నిలబడి పోరాడినవాడి కంటే మంచి సాక్షి ఉండడని ఆ నియమం గుర్తించింది. స్వతంత్ర భారతం దీన్ని తీసుకోలేదు. తీసుకుని ఉంటే కొన్ని యుద్ధాల చరిత్ర వేరుగా నమోదయ్యేదేమో.

దళమంతటికీ కలిపి పతకాలు ఇచ్చిన సందర్భానికి సారాగఢీ పెద్ద ఉదాహరణ. 1897 సెప్టెంబరు 12న వాయవ్య సరిహద్దులోని ఆ చిన్న సైనిక స్థావరంలో 36వ సిక్కు దళానికి చెందిన 21 మంది సైనికులు చివరి మనిషి దాకా పోరాడి చనిపోయారు. ఒక్కరూ మిగల్లేదు. అయినా లోపల ఏం జరిగిందో నిమిషనిమిషం తెలిసింది. సిగ్నల్ సిపాయి గురుముఖ్ సింగ్ అద్దంతో ఎండను తళుక్కుమనిపించే హీలియోగ్రాఫ్ ద్వారా దూరంలోని లాక్‌హార్ట్ కోటకు కబుర్లు పంపుతూనే ఉన్నాడు. ఆ 21 మందికీ ఆర్డర్ ఆఫ్ మెరిట్ దక్కింది. అదే ధైర్యంతో, అద్దం లేకుండా, ఏ కొండ మీదో చనిపోయినవారి సంగతి చరిత్రలో లేదు.

కొత్త పతకానికి రూపం ఇచ్చే పని మేజర్ జనరల్ హీరాలాల్ అటల్ ద్వారా సావిత్రీ ఖానోల్కర్‌కు వచ్చింది. ఆమె స్విట్జర్లాండ్‌లో పుట్టింది, భారతీయ సైనికాధికారిని పెళ్లాడి ఇక్కడి పురాణాలు, సంస్కృతం నేర్చుకుంది. కంచుతో చేసిన గుండ్రటి బిళ్ల, మధ్యలో రాజచిహ్నం, దాని చుట్టూ ఇంద్రుడి వజ్రాయుధాలు నాలుగు. దధీచి మహర్షి తన వెన్నెముకను ఇస్తే దానితో చేసిన ఆయుధమది. రిబ్బను సాదా ఊదా రంగు. బంగారమూ వెండీ లేవు, పరమవీర చక్ర కంటే కింది స్థాయి పతకాలే వెండివి. మొదటి పరమవీర చక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మ సావిత్రీ ఖానోల్కర్ కూతురికి బావగారు. అది కాకతాళీయమే గాని, పతకం గీసిన చేతికీ దాన్ని అందుకున్న ఇంటికీ బంధుత్వం ఉండడం అరుదైన సంగతి.

పరమవీర చక్ర ఒంటరిది కాదు. యుద్ధకాలానికి పరమవీర, మహావీర, వీర చక్రలు ఒక వరుస. 1952లో మొదలైన అశోక చక్ర మూడు తరగతులు 1967లో అశోక, కీర్తి, శౌర్య చక్రలుగా పేరు మార్చుకున్నాయి. ఇవి రెండో వరుస. శత్రువు ఎదుట చూపిన సాహసానికి మొదటి వరుస, శత్రువుతో సంబంధం లేని సాహసానికి రెండోది. అందుకే రెండో వరుసలో రకరకాల మనుషులు కనిపిస్తారు. 1986లో కరాచీలో హైజాకర్ల బారి నుంచి ప్రయాణికులను కాపాడుతూ చనిపోయిన విమాన పరిచారిక నీర్జా భానోత్ ఉంది, అంతరిక్షానికి వెళ్లొచ్చిన రాకేశ్ శర్మ ఉన్నాడు. మావోయిస్టులతో పోరులో మరణించిన ఆంధ్రప్రదేశ్ గ్రేహౌండ్స్ అధికారి ప్రసాద్ బాబుకు 2014లో ఇచ్చింది కూడా అశోక చక్రే. వీటి పక్కన సేనా పతకాలు, నివేదికల్లో ప్రస్తావన వంటి చిన్న గుర్తింపులు మరికొన్ని ఉన్నాయి.

పతకం నిర్ణయమయ్యే దారి పొడవైనది. మొదటి కాగితం బెటాలియన్ కమాండర్ రాస్తాడు. సంఘటన ఎక్కడ, ఎప్పుడు, ఎలా జరిగిందో, చూసినవారు ఏం చెప్పారో అందులో ఉండాలి. అది బ్రిగేడు, డివిజను, కోరు, కమాండు మీదుగా సైనిక ప్రధాన కార్యాలయానికి, అక్కడి నుంచి రక్షణ శాఖ కమిటీకి, చివరికి రాష్ట్రపతికి చేరుతుంది. ప్రతి మెట్టు దగ్గరా స్థాయి తగ్గవచ్చు, ఫైలు ఆగిపోనూ వచ్చు. కాబట్టి కలం బలంగా ఉన్న కమాండరు కింద పనిచేయడం కూడా ఒక అదృష్టమేనన్న మాట సైనికుల్లో ఉంది. అందులో నిజం లేకపోలేదు. కొన్నిసార్లు ఫైలు చాలా వేగంగా కదిలింది. 1965లో ఖేమ్‌కరణ్ సెక్టారులో జీపు మీద బిగించిన 106 మిల్లీమీటర్ల తుపాకితో పాకిస్తానీ ప్యాటన్ ట్యాంకులను దగ్గర నుంచి కొట్టిన హవల్దార్ అబ్దుల్ హమీద్ సెప్టెంబరు 10న చనిపోయాడు. 16వ తేదీకల్లా, యుద్ధం ఇంకా సాగుతుండగానే, పరమవీర చక్ర ప్రకటించారు. అంత తొందరలో రాసినందువల్ల కావచ్చు, ఆయన ధ్వంసం చేసిన ట్యాంకులెన్ని అన్నది ఈనాటికీ ఒక్కో కథనంలో ఒక్కోలా ఉంటుంది.

ఏ సాహసాన్ని పరమవీర స్థాయిది అనాలి? 1947-48 కశ్మీర్ యుద్ధంలో పతకం పొందిన ఐదుగుర్ని చూస్తే ఒక మూస కనిపించదు. సోమనాథ్ శర్మ 1947 నవంబరు 3న శ్రీనగర్ విమానాశ్రయాన్ని కాపాడటానికి బడ్గాం దగ్గర తనకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్న చొరబాటుదారులను గంటల తరబడి ఆపాడు. అప్పటికే ఆయన చేతికి పిండికట్టు ఉంది. నౌషేరా దగ్గర జదునాథ్ సింగ్, తిథ్వాల్ ప్రాంతంలో పీరూ సింగ్, కరమ్ సింగ్‌లు ఎదురుగా వచ్చిన శత్రువుతో చేతికి చేయి తగిలేంత దగ్గర్లో పోరాడారు. రామ రాఘోబా రాణే కథ వేరు. ఆయన ఇంజనీర్ల దళంలో సెకండ్ లెఫ్టినెంటు. 1948 ఏప్రిల్‌లో నౌషేరా నుంచి రాజౌరీ వెళ్లే దారిలో మందుపాతరలు తీయడం, నరికి పడేసిన చెట్లను తొలగించడం, కొండచరియలను పేల్చి బాట చేయడం ఆయన పని. ఒక చోట మందుపాతరలు పాతిన నేల మీద ట్యాంకు కిందకు దూరి, దానితో పాటే పాకుతూ, డ్రైవరుకు కట్టిన తాడు లాగి ఎక్కడ ఆగాలో ఎక్కడ కదలాలో సైగలిచ్చాడు. నాలుగు రోజులు దాదాపు విశ్రాంతి లేకుండా చేసిన ఈ పనిలో బయొనెట్ పోరు లేదు, బంకరు మీద దాడి లేదు. దారి తెరవడం కూడా అత్యున్నత సాహసమేనని తొలి జాబితాలోనే ఒప్పుకోవడం ఈ పతకం చరిత్రలో చెప్పుకోదగ్గ మంచి తీర్పు. తర్వాతి దశాబ్దాల్లో అలాంటి పని చేసినవారికి ఇది మళ్లీ దక్కలేదు.

శత్రువు ఎవరన్న ప్రశ్న 1961లో వచ్చింది. ఆ డిసెంబరు 5న కాంగోలోని ఎలిజబెత్‌విల్‌లో కెప్టెన్ గుర్‌బచన్ సింగ్ సలారియా చిన్న గూర్ఖా దళంతో, వేర్పాటు ప్రాంతమైన కటంగా సాయుధుల మీద దాడి చేసి మరణించాడు. ఆయన పోరాడింది ఐక్యరాజ్య సమితి దళంలో భాగంగా. కటంగా భారతదేశానికి శత్రుదేశం కాదు. అయినా యుద్ధకాల వరుసలోని పతకమే ఇచ్చారు. ఐక్యరాజ్య సమితి శాంతిదళంలో ఉండి పరమవీర చక్ర పొందింది ఆయన ఒక్కడే.

సాక్ష్యం సమస్య అన్నిటికంటే కటువుగా బయటపడింది 1962లో. లడఖ్‌లో రెజాంగ్ లా దగ్గర నవంబరు 18న మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వంలోని 13వ కుమావు బెటాలియన్ చార్లీ కంపెనీ దాదాపు పూర్తిగా నేలకొరిగింది. నడుమ అడ్డుగా ఉన్న కొండ వల్ల ఫిరంగుల సాయం అందలేదు. బతికి వచ్చిన కొద్దిమంది చెప్పిన కథను వెనక ఉన్నవారిలో కొందరు మొదట నమ్మలేదు. ఇంతమంది ఒకే చోట చనిపోయేదాకా పోరాడారంటే నమ్మడం కన్నా, పారిపోయారనో పట్టుబడ్డారనో అనుకోవడమే వారికి సులువైంది. 1963 ఫిబ్రవరిలో మంచు కాస్త తగ్గాక అక్కడికి వెళ్లినవారికి సైనికులు తమ తమ కందకాల్లోనే, ఆయుధాలు వదలకుండా, గడ్డకట్టి కనిపించారు. ఆ మృతదేహాలే సాక్ష్యమయ్యాయి. షైతాన్ సింగ్‌కు పరమవీర చక్ర, కంపెనీలోని మరికొందరికి వీర చక్రలు, సేనా పతకాలు వచ్చాయి. నాయకుడికి పెద్ద పతకం, దళానికి చిన్న పతకాలు అనే పద్ధతి ఇక్కడ సరిపోలేదని చెప్పక తప్పదు. ఆ కంపెనీలో ఎవరిది ఎక్కువ సాహసమో ఎవరూ తేల్చలేరు, తేల్చాల్సిన పనీ లేదు.

అదే యుద్ధంలో సాక్ష్యం తలకిందులైన ఉదంతం ఒకటుంది. అక్టోబరు 20న పాంగాంగ్ సరస్సు ఒడ్డున సిరిజాప్ దగ్గర మేజర్ ధన్‌సింగ్ థాపా చనిపోయాడనుకుని మరణానంతర పరమవీర చక్ర ప్రకటించారు. ఆయన చైనా చెరలో బతికే ఉన్నాడు, యుద్ధం తర్వాత తిరిగి వచ్చాడు. అక్టోబరు 23న బూమ్ లా దగ్గర పోరాడిన సుబేదార్ జోగిందర్ సింగ్‌కు ఆ అదృష్టం లేదు, చెరలోనే కన్నుమూశాడు. 1999లో మళ్లీ అలాంటి పొరపాటే జరిగింది. టైగర్ హిల్ మీద ఒంటినిండా తూటాలు దిగినా బంకర్ల మీదికి ఎక్కిన పందొమ్మిదేళ్ల గ్రెనేడియర్ యోగేంద్ర సింగ్ యాదవ్‌కు మొదట మరణానంతరమని ప్రకటించారు. చనిపోయింది అదే పేరున్న మరో సైనికుడు. ఈయన ఆసుపత్రిలో కోలుకుంటున్నాడు.

కొన్నిసార్లు సాక్షి ఎదుటి పక్షం నుంచి వచ్చాడు. 1971 డిసెంబరు 14న శ్రీనగర్ విమానాశ్రయం మీదికి వచ్చిన ఆరు పాకిస్తానీ సేబర్ విమానాలను ఒకే ఒక్క నాట్ విమానంతో ఎదుర్కొన్న ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ వాయుసేనకు దక్కిన ఏకైక పరమవీరుడు. ఆయన పోరాట పటిమను ఆనాటి దాడిలో పాల్గొన్న పాకిస్తానీ పైలటే తర్వాత రాతపూర్వకంగా మెచ్చుకున్నాడు. రెండు రోజుల తర్వాత, డిసెంబరు 16న, బసంతర్ యుద్ధంలో తగలబడుతున్న ట్యాంకును వదలకుండా కాల్పులు కొనసాగించి చనిపోయిన ఇరవై ఒక్కేళ్ల అరుణ్ ఖేతర్‌పాల్ సంగతీ అలాంటిదే. మూడు దశాబ్దాల తర్వాత పాకిస్తాన్ వెళ్లిన ఆయన తండ్రికి ఆతిథ్యమిచ్చిన బ్రిగేడియర్, ఆ రోజు ఎదుటి ట్యాంకులో ఉన్నది తానేనని చెప్పాడు.

ఇది ఒకవైపు మాత్రమే నడిచిన వ్యవహారం కాదు. అదే సెక్టారులో, జర్పాల్ దగ్గర, దాడికి ముందుండి చనిపోయిన పాకిస్తానీ లెఫ్టినెంట్ కర్నల్ మహమ్మద్ అక్రమ్ రాజా సాహసాన్ని కాగితం మీద పెట్టింది ఎదురుగా పోరాడిన భారత కమాండర్ వి.పి.ఎయిరీ. అక్రమ్ రాజాకు పాకిస్తాన్ హిలాల్-ఎ-జుర్రత్ ఇచ్చింది. ఎయిరీ బెటాలియన్‌లోని మేజర్ హోషియార్ సింగ్‌కు అదే పోరులో పరమవీర చక్ర దక్కింది. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత కార్గిల్‌లో బ్రిగేడియర్ బాజ్వా, టైగర్ హిల్ మీద చనిపోయిన పాకిస్తానీ కెప్టెన్ కర్నల్ షేర్ ఖాన్ (కర్నల్ ఆయన పేరులో భాగం, హోదా కాదు) జేబులో ఆయన ధైర్యం గురించి చీటీ రాసి పెట్టి మృతదేహాన్ని అప్పగించాడు. పాకిస్తాన్ ఆయనకు తమ అత్యున్నత పతకం నిషాన్-ఎ-హైదర్ ఇచ్చింది. ఈ పతకం ఇప్పటివరకు మరణించినవారికే దక్కింది. తన దేశం మొదట గుర్తించడానికి వెనకాడిన సైనికుణ్ణి శత్రువు సాక్ష్యం నిలబెట్టిందన్నమాట.

జాబితాలో ఎవరున్నారన్నది చూస్తే, 21 మందిలో 12 మంది కమిషన్డ్ అధికారులు, 9 మంది జూనియర్ కమిషన్డ్ అధికారులు (జేసీఓలు), జవాన్లు. యుద్ధంలో అధికారుల సంఖ్య చాలా తక్కువ కాబట్టి ఈ లెక్క వారివైపు బాగా మొగ్గింది. దీన్ని పక్షపాతం అనేసి ఊరుకోలేం. పదాతి దాడిలో ముందు నడిచేది యువ అధికారే అన్న సంప్రదాయం భారత సైన్యంలో బలంగా ఉంది. కార్గిల్‌లో మనోజ్ కుమార్ పాండే, విక్రమ్ బాత్రా చనిపోయింది అలా ముందుండే. కానీ అధికారి చేసిన పనిని చూసేవారు ఎక్కువమంది ఉంటారు, చీకట్లో కొండ పక్క ఒంటరిగా పోరాడే సిపాయిని చూసేవాడు ఉండకపోవచ్చు. 1950 నాటి నిబంధనలు స్త్రీలనూ, నర్సులనూ కూడా అర్హులుగానే చెప్పాయి. పతకం మాత్రం ఇంతవరకు ఏ స్త్రీకీ రాలేదు, పదాతి దాడుల్లో వారికి చోటు లేకపోవడమే కారణం.

ప్రాంతం లెక్కా ఉంది. పరమవీరుల్లో దక్షిణాది కుటుంబాల నుంచి వచ్చినవారు తక్కువ, 1987లో శ్రీలంకలో మరణించిన మేజర్ రామస్వామి పరమేశ్వరన్ వారిలో ఒకడు. తెలుగువారు ఎవరూ లేరు. ఇందులో 1857 తర్వాత బ్రిటిష్‌వారు తయారుచేసిన యుద్ధజాతుల సిద్ధాంతం వాటా కొంత ఉంది. కంపెనీ కాలంలో మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు పెద్ద సంఖ్యలో ఉండేవారు. పందొమ్మిదో శతాబ్దం చివరికి ఆ సైన్యాన్ని కుదించి నియామకాలను పంజాబు, నేపాలు వైపు తిప్పారు. పదాతి రెజిమెంట్ల కూర్పులో ఆ ముద్ర ఇప్పటికీ పోలేదు. సైన్యంలో తెలుగువారు తక్కువనేమీ కాదు. పశ్చిమ గోదావరి జిల్లా మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. పరోక్షంగా హైదరాబాదుకు కూడా ఈ పతకంతో సంబంధముంది. 1965లో ఫిల్లోరా ప్రాంతంలో ట్యాంకు దళాన్ని నడిపి మరణించిన లెఫ్టినెంట్ కర్నల్ అర్దేషిర్ తారాపూర్ సైనిక జీవితం మొదలైంది నిజాం సైన్యంలోనే.

మహావీర చక్ర దగ్గరకు వస్తే తెలుగు నేల పేర్లు కనిపిస్తాయి. తిరుపతికి చెందిన చిత్తూరు వేణుగోపాల్ 1971లో గూర్ఖా బెటాలియన్‌ను నడిపి తూర్పు పాకిస్తాన్‌లోని దర్శన ప్రాంతాన్ని గెలిచాడు. హైదరాబాదు యువకుడు మేజర్ పద్మపాణి ఆచార్య 1999 జూన్ 28న తోలోలింగ్ దగ్గరి శిఖరాల మీద గాయాలతోనే బంకరు పట్టి చనిపోయాడు.

పతకంతో వచ్చే డబ్బు చెప్పుకోదగ్గంత పెద్దది కాదు. 2017లో కేంద్రం నెలసరి భృతిని రెట్టింపు చేసి పరమవీర చక్రకు 20 వేలు, మహావీర చక్రకు 10 వేలు, వీర చక్రకు 7 వేలు చేసింది. ఒకేసారి ఇచ్చే నగదు, ఇంటి స్థలం, ఉద్యోగం మాత్రం రాష్ట్రాల ఇష్టం. దాంతో ఒకే కొండ మీద ఒకే పతకం గెలిచిన ఇద్దరికి సొంత రాష్ట్రాన్ని బట్టి వేరువేరు సాయం అందుతుంది. దీన్ని సరిచేయడం కష్టమైన పనేమీ కాదు, ఎవరూ పూనుకోలేదంతే. గౌరవ చిహ్నాలకు మాత్రం కొదవలేదు. 2019లో తెరిచిన ఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకంలో 21 మంది విగ్రహాలున్నాయి. 2023 జనవరి 23న అండమాన్‌లోని 21 దీవులకు వీరి పేర్లు పెట్టారు.

1999 తర్వాత పరమవీర చక్ర ఎవరికీ రాలేదు. అప్పటి నుంచి సైన్యం చేసిన పోరాటంలో అధిక భాగం కశ్మీర్‌లోను, ఈశాన్యంలోను మిలిటెంట్లతోనే. ఆ సాహసాలు అశోక చక్ర వరుసలో లెక్కకొస్తాయి. ఈ గీత ఎంత సన్నదో 2020 జూన్ 15 రాత్రి తెలిసింది. గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో ఇరవై మంది భారత సైనికులు మరణించారు. పాత ఒప్పందాలకు కట్టుబడి ఎవరూ తుపాకి పేల్చలేదు. మేకులు దిగ్గొట్టిన కర్రలు, రాళ్లు, ముష్టిఘాతాలతోనే పోరు. బీహార్ రెజిమెంటు 16వ బెటాలియన్ కమాండర్, సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబు ముందుండి పోరాడి చనిపోయాడు. 2021లో మరణానంతరం మహావీర చక్ర, మరి ఐదుగురికి వీర చక్ర ప్రకటించారు. అది పరమవీర చక్ర స్థాయి సాహసమని, ఈ గుర్తింపుతో తాను సంతృప్తి చెందలేదని తండ్రి బహిరంగంగానే అన్నారు. యుద్ధం ప్రకటించలేదు, తుపాకి పేలలేదు, అయినా అధికారిక పత్రాల్లో గల్వాన్ శత్రువు ఎదుట జరిగిన పోరుగానే నమోదైంది. రెండు వరుసల్లో ప్రభుత్వం ఎంచుకున్నది యుద్ధకాల వరుసనే.